సిడ్నీలో మిగిలింది నాలుగు రోజులు: కొత్త చోటికా, ఎక్కిన పడవే మళ్లీనా?

గోదారిగట్టు · గురువారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఇక్కడే మిమ్మల్ని ప్రశ్నలతో విసిగించిన రిటైర్డు ఇరిగేషన్ ఇంజనీరును. మీ సలహాల పుణ్యమా అని మేమిద్దరం కెయిర్న్స్‌లో దిగి, ఎర్రరాతి కొండ ఉలూరు చూసి, మెల్‌బోర్న్ మీదుగా సిడ్నీ చేరాము. ఎనిమిది వారాలు ఎలా గడిచాయో తెలియలేదు. సోమవారం సాయంత్రం తిరుగు విమానం. ప్రస్తుతం వెంట్‌వర్త్‌విల్‌లో మా మేనల్లుడి ఇంట్లో ఉన్నాము.

సమస్య ఇది. నా జాబితాలో బ్లూ మౌంటెన్స్ ఒక్కటే కొట్టివేయకుండా మిగిలింది. మా ఆవిడ మాత్రం కొత్త చోటు ఏదీ వద్దంటుంది. సర్క్యులర్ కీ నుంచి మాన్లీ పడవ ఇంకోసారి ఎక్కుతుందట. ఇప్పటికే రెండుసార్లు ఎక్కాము. అరగంట పోవడం, ఒక ఐస్‌క్రీము తినడం, అరగంట రావడం. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకు పడవ అంత అపురూపమా? లక్షలు పోసి వచ్చి చూసిందే చూడడం ఏమి లెక్క?

ఇవి కాక పెట్టెలు సర్దుకోవాలి, కొన్న వస్తువుల మీద పన్ను వాపసు సంగతి తెలుసుకోవాలి, ఆవిడకు ఓపల్ రాయి కొనాలి. ఈ నాలుగు రోజులను ఎలా పంచమంటారు?

పరమట్టా పంతులు · గురువారం, రాత్రి 9:45

ఇరవై ఏళ్లుగా ఇక్కడే కాపురం కాబట్టి చెబుతున్నాను. మీరున్న చోటు నుంచి కొండలకు వెళ్లడం తేలికే. పరమట్టాలో బ్లూ మౌంటెన్స్ రైలు ఎక్కితే దాదాపు గంటన్నరలో కొండల మీది ఊరు కటూంబా. అక్కడి నుంచి, ముగ్గురు అక్కచెల్లెళ్లు అనే మూడు రాతి శిఖరాలు కనబడే ఎకో పాయింట్‌కు బస్సు ఉంది, ఓపిక ఉంటే నడవవచ్చు కూడా. శుక్ర, శని, ఆదివారాల్లో ఓపల్ కార్డు (ఇక్కడి రైళ్లకు, బస్సులకు, పడవలకు చార్జీ కట్టే కార్డు) మీద రోజుకు పడే గరిష్ఠ చార్జీ మిగతా రోజులకన్నా తక్కువ. తిరుగుళ్లన్నీ ఆ మూడు రోజుల్లోనే పెట్టుకోండి.

ఒక్క మాట. పొద్దున లేవగానే కటూంబా వాతావరణం చూసుకోండి. సిడ్నీ ఆకాశాన్ని నమ్మవద్దు. మా అత్తగారిని తీసుకువెళ్లిన రోజు ఇక్కడ ఎండ పేలిపోతోంది, అక్కడ మంచు. కటకటాలు పట్టుకుని నిలబడితే ఎదురుగా సున్నం వేసిన గోడ ఉన్నట్టుంది. "ముగ్గురు అక్కచెల్లెళ్లు ఎక్కడ నాయనా?" అని ఆవిడ అడిగారు. "తలంటు పోసుకుంటున్నారు అత్తయ్యా" అన్నాను. ఆ తరువాత నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

కృష్ణాతరంగం · గురువారం, రాత్రి 10:20

నేను మీ ఆవిడ పక్షం. రెండుసార్లు ఎక్కారు సరే, ఎక్కడ కూర్చున్నారు? లోపల అద్దాల వెనక కూర్చుంటే ఎక్కనట్టే. ఆ పడవ సగం దూరం చెరువులో వెళ్లినట్టు వెళుతుంది. నార్త్ హెడ్, సౌత్ హెడ్ అనే రెండు కొండకొమ్ముల మధ్య ఖాళీకి ఎదురుగా వచ్చేసరికి పసిఫిక్ మహాసముద్రం నేరుగా వచ్చి పక్కను తాకుతుంది. చేతిలో కాఫీ ఉంటే అప్పుడు తెలుస్తుంది. అంత పెద్ద పడవా తలూపుతుంది. కాసేపే. దాటగానే మళ్లీ చెరువు. ఆ కాసేపటి కోసం నేను పది రోజుల్లో నాలుగుసార్లు ఎక్కాను.

చూసిందే చూడడం ఏమి లెక్క అన్నారు. తిరుపతికి ఎన్నిసార్లు వెళ్లారు?

గోదారిగట్టు · గురువారం, రాత్రి 10:31

పదకొండుసార్లు. కానీ అది వేరు.

కృష్ణాతరంగం · గురువారం, రాత్రి 10:33

ఏమి వేరు?

కొబ్బరాకు · గురువారం, రాత్రి 11:50

గంట దాటింది. ఇంజనీరుగారు జవాబు ఇవ్వలేదని సభ గమనించగలదు.

చిల్లరలెక్క · శుక్రవారం, ఉదయం 6:15

పన్ను వాపసు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. అక్కడ జీఎస్టీ పది శాతం ధరలోనే కలిసి ఉంటుంది. కాబట్టి బిల్లును పదకొండుతో భాగిస్తే వచ్చేదే మీకు తిరిగి వచ్చే సొమ్ము. పదితో కాదు, ఇక్కడ చాలామంది పొరబడతారు. బయలుదేరే తేదీకి ముందు 60 రోజుల్లో కొన్నవై ఉండాలి. ఒకే దుకాణంలో ఒకే బిల్లు మీద 300 డాలర్లకు తగ్గకూడదు. వస్తువు మీ ఒంటిమీదో చేతిసంచిలోనో విమానం ఎక్కాలి. హోటలు గదులకు, తిన్న తిండికి రాదు. విమానం బయలుదేరే వేళకు అరగంట ముందే విమానాశ్రయంలోని వాపసు కౌంటరులో పని ముగియాలి. వివరాలు ముందుగానే ఫోనులో నింపి పెట్టుకుంటే అక్కడ తొందరగా తెములుతుంది.

మెల్‌బోర్న్ మందారం · శుక్రవారం, ఉదయం 7:02

చిల్లరలెక్కగారికి చిన్న సవరణ. ఒకే బిల్లు కానక్కరలేదు. ఒకే ఏబీఎన్ (వ్యాపార నమోదు) సంఖ్య ఉన్న వ్యాపారి దగ్గర వేర్వేరు రోజుల్లో కొన్నవన్నీ కలిపి 300 అయినా చాలు. చేతిసంచిలో పట్టుకుపోనివ్వని ద్రవాలూ పెద్ద సామానూ అయితే, పెట్టెలు విమాన సంస్థకు అప్పగించక ముందే బోర్డర్ ఫోర్స్ (కస్టమ్స్) వారికి చూపించాలి. ఈ ముక్క తెలియక మావారు సెంటు సీసాలను పెట్టెలో పెట్టి బెల్టు మీద పంపేశారు. వాపసు పోయింది. ఆ బిల్లు మాత్రం మూడేళ్లుగా ఆయన పర్సులో భద్రంగా ఉంది.

చిల్లరలెక్క · శుక్రవారం, ఉదయం 7:30

నిజమే, పొరపాటు నాది. ఏబీఎన్ సంగతి మరిచాను.

నల్లరేగడి · శుక్రవారం, ఉదయం 8:12

మాది ప్రొద్దుటూరు, మూడు తరాలుగా బంగారం కొట్టు. అమ్మగారు ఓపల్ కొనేముందు రాయిని పైనుంచి చూసి మురిసిపోకుండా పక్కనుంచి చూడమనండి. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత అడ్డంగా కనబడితే అది అతుకు రాయి. పలచని ఓపల్ పొర కింద నల్లని రాయి అతికిస్తే డబ్లెట్ అంటారు. దాని మీద మళ్లీ అద్దం వంటి మూత పెడితే ట్రిప్లెట్. అలా అని చెప్పి తగిన ధరకు అమ్మితే అది మోసం కాదు. కానీ నగలో బిగించాక పక్క కనబడదు. వెనక భాగం మూసి ఉంటే తప్పకుండా అడగాలి. అతుకు రాయి పెట్టుకుని గిన్నెలు తోమితే నీరు లోపలికి దిగి మసకబారుతుంది. అన్నిటికన్నా ఖరీదైనది లైట్నింగ్ రిడ్జ్ నల్ల ఓపల్. కూబర్ పీడీ రాళ్లు ఎక్కువగా లేతరంగువి.

శుక్రుడి కోసమని మన జ్యోతిష్కులు వజ్రానికి బదులు దీన్ని చెబుతుంటారు. అందుకా?

గోదారిగట్టు · శుక్రవారం, ఉదయం 8:40

శుక్రుడి కోసం కాదు, తోడికోడలి కోసం. ఆవిడకు ఉంది.

కొబ్బరాకు · శుక్రవారం, ఉదయం 8:44

సిడ్నీలో ఆ రాయి పేరే రైలు కార్డుకూ పెట్టారు కదా. దానికే చిల్లు పెట్టి గొలుసుకు వేలాడదీస్తే సరి.

గోదారిగట్టు · శుక్రవారం, రాత్రి 9:30

ఈరోజు గొడవ లేని పని చేశాము. హార్బర్ వంతెన మీద నడిచాము. తూర్పు వైపు కాలిబాట, పైసా ఖర్చు లేదు. నా వృత్తి సంగతి కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక లేనివారు దాటవేయవచ్చు.

1932 మార్చి 19న తెరిచిన వంతెన ఇది. కమాను ఈ కొస నుంచి ఆ కొసకు 503 మీటర్లు. మా రాజమహేంద్రవరంలో గోదావరి మీది ఆర్చి రైలు వంతెనకు 28 కమానులు, ఒక్కొక్కటి 97 మీటర్ల చిల్లర. మనవి ఐదు వరసగా పెట్టినా ఇక్కడ ఇంకా పదిహేను మీటర్లు మిగులుతుంది. మనది కాంక్రీటు, ఇది ఉక్కు. అరవై లక్షల దాకా రివెట్లు. ఒకదాని మీద చెయ్యి వేసి చూశాను. ఏళ్ల తరబడి పూత మీద పూత పడి, అంచులు అరిగిన శివలింగంలా నున్నగా ఉంది.

రెండు చివర్లలో ఆకాశమంత ఎత్తు రాతి గోపురాలు నాలుగున్నాయి, 89 మీటర్లవి. చూసినవారు అవే వంతెనను మోస్తున్నాయనుకుంటారు. మోయవు. కమాను బరువంతా కింద నాలుగు మూలల్లో ఉన్న ఉక్కు కీళ్ల మీద ఉంటుంది. ఎండకు ఉక్కు సాగి కమాను నడినెత్తి 18 సెంటీమీటర్ల దాకా లేచి దిగుతుంది, ఆ కీళ్లు అందుకే. "మరి గోపురాలు దేనికి?" అని ఆవిడ అడిగింది. చూపులకే అన్నాను. "పెళ్లి పందిరికి అరటిచెట్లు కట్టినట్టన్నమాట" అంది. నలభై ఏళ్ల ఉద్యోగంలో ఇంత పొట్టిగా ఏ వంతెన గురించీ నేను చెప్పలేకపోయాను.

అవతల మిల్సన్స్ పాయింట్‌లో దిగి కిర్రిబిల్లిలో మెక్‌డూగల్ వీధికి నడిచాము. జకరండా చెట్లు విరగబూశాయి. ఆగి ఉన్న కార్ల రంగు తెలియడం లేదు, అన్నీ ఊదా రంగే.

రేపటి సంగతి తేలింది. నేను కటూంబా వెళుతున్నాను. ఆవిడ రాదు. ఒక్కతే రైలెక్కి, ఒక్కతే పడవెక్కి వస్తుందట. ముప్పై ఎనిమిదేళ్లలో ఊరు కాని ఊళ్లో చెరో దిక్కుకూ వెళ్లడం ఇదే మొదలు. భయంగా ఉంది. ఆవిడకు కాదు, నాకు.

పరమట్టా పంతులు · శుక్రవారం, రాత్రి 9:52

ఏమీ కాదు. సెంట్రల్‌లో దిగి సర్క్యులర్ కీ రైలు మారాలి, అంతే. బోర్డులు చూసుకుంటే చాలు. మాన్లీ పడవ మూడో నంబరు రేవు నుంచి. సముద్రపు కొంగలతో, అదే సీగల్ పక్షులతో జాగ్రత్త, చేతిలో తిండి ఉంచవు.

కొబ్బరాకు · శుక్రవారం, రాత్రి 10:15

వంతెన కథలో అసలు ఘట్టం ఇంజనీరుగారు వదిలేశారు. ప్రారంభం రోజు ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి వంటివాడు) జాక్ లాంగ్ రిబ్బను కత్తిరించబోతుంటే, డి గ్రూట్ అనే ఆయన గుర్రం మీద వచ్చి కత్తితో ముందే తెగ్గొట్టాడు. పోలీసులు పట్టుకుపోయారు, ఐదు పౌన్ల జరిమానా పడింది. రిబ్బను ముడివేసి ప్రీమియరు చేత మళ్లీ కత్తిరింపించారు. ఒకే పనికి రెండు కొబ్బరికాయలు కొట్టడం మన దగ్గరే అనుకునేవాడిని.

గోదారిగట్టు · శనివారం, రాత్రి 8:20

ఈ రాసేది ఆయన కాదండీ. ఆయన వేడినీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. తప్పులుంటే మన్నించండి.

వెళ్లాను, వచ్చాను. పడవలో ముందువైపు బయట బెంచీ మీద కూర్చున్నాను. డబ్బాలో పులిహోర తీసుకువెళ్లాను. పంతులుగారు చెప్పినా మూత తీసి పక్కన పెట్టాను, బుద్ధి లేక. తెల్లని కొంగ ఒకటి వచ్చి వాలింది. ఎర్రని ముక్కుతో పల్లీలు మాత్రం ఒక్కొక్కటీ ఏరుకుని, మెతుకు ముట్టకుండా పోయింది. పక్కనున్న పెద్దావిడ నవ్వి ఏదో అంది. నాకు సగమే అర్థమైంది. నేనూ నవ్వాను. ఆవిడకు కాస్త పులిహోర పెట్టాను. కారం అనలేదు, కళ్లు మాత్రం తుడుచుకుంది.

కృష్ణాతరంగంగారూ, మీరు చెప్పిన చోటు. అల కంటికి కనబడేలోపే కాళ్ల కింద తెలుస్తుంది. చంటిపిల్లను ఒళ్లో వేసుకుని ఊపినట్టు ఒక పక్కకు ఒరిగి, మళ్లీ రెండో పక్కకు. మొదటిసారి ఎక్కినప్పుడు ఆయన ఆ కొండల ఎత్తు, నీటి లోతు చెబుతున్నారు. రెండోసారి "అటు తిరుగు, ఇటు తిరుగు" అని ఫోటోలు తీస్తున్నారు. రెండుసార్లూ ఆయన మాటే విన్నాను, సముద్రం వినలేదు. అందుకే మూడోసారి అన్నాను. అలా చెబితే నొచ్చుకుంటారని చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాశాక చదువుకుంటారు.

మాన్లీలో ఏమీ చూడలేదు. ఒడ్డున పొడుగాటి నార్ఫక్ పైన్ చెట్ల వరస ఉంది కదా, ఆ నీడన గంటసేపు కూర్చుని వచ్చేశాను. ఫోను సంచి అడుగున ఉంది. ఆయన ఏడుసార్లు చేశారట.

పంతులుగారి అత్తగారు చూసిన గోడే మా ఆయన కూడా చూసి వచ్చారు.

కృష్ణాతరంగం · శనివారం, రాత్రి 8:41

అక్కా, మీరు వెంటనే ఇక్కడ మీ పేరు మీద ఖాతా తెరవాలి.

గోదారిగట్టు · శనివారం, రాత్రి 9:35

చదివాను.

ఎకో పాయింట్‌లో రెండు గంటలు నిలబడ్డాను. యూకలిప్టస్ ఆకుల నూనె గాలిలో కలవడం వల్ల ఆ కొండలు నీలంగా కనబడతాయంటారు. నాకు కనబడింది తెలుపు. ఒక్కసారి మాత్రం మంచు తెర లాగినట్టు పక్కకు జరిగింది. ఒక అక్క భుజం కనబడింది. పెద్దదో నడిపిదో తెలియదు. ఫోను తీసేలోపు మూసుకుంది. పక్కన చెప్పడానికి ఎవరూ లేరు.

పరమట్టా పంతులు · శనివారం, రాత్రి 9:50

రేపు ఆదివారం కదా, మేనల్లుడి కారుంటే హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లండి. సిడ్నీ నగరానికి దక్షిణంగా ఒక గంట. 1985లో కుంభాభిషేకం జరిగిన గుడి. అక్కడి నుంచి బాల్డ్ హిల్ మీదుగా సముద్రం పక్కనే రోడ్డు, సీ క్లిఫ్ వంతెన. ఇంజనీరుగారికి శనివారం నష్టపరిహారం దొరుకుతుంది.

గోదారిగట్టు · ఆదివారం, రాత్రి 10:10

పన్నెండోసారి స్వామి దర్శనమైంది, ఈసారి యూకలిప్టస్ అడవిలో. లోపల సుప్రభాతం వాసన, అంటే కర్పూరం, తులసి. గోపురం మీద తెల్ల కాకటూ చిలుకలు గొంతు చించుకుంటున్నాయి. పంతులుగారి మాట నిజం, నష్టపరిహారం ముట్టింది. కొండ మీది రాళ్లు రోడ్డు మీద పడుతున్నాయని, ఆ రోడ్డును కొండ పక్కనుంచి తప్పించి సముద్రం మీదికి జరిపారు. 665 మీటర్లు, 2005లో తెరిచారు. కొండతో పోట్లాడకుండా పక్కకు తప్పుకున్న పని నాకు బాగా నచ్చింది.

సాయంత్రం మేనల్లుడు మమ్మల్ని సర్క్యులర్ కీలో దింపాడు. ఇద్దరం పడవెక్కాము. బయట బెంచీ. నేను నోరు విప్పలేదు. ఫోను ఆవిడ సంచిలో వేశాను. కొండకొమ్ముల దగ్గర పడవ ఒరిగినప్పుడు ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు పొద్దు వంతెన వెనక దిగుతోంది, ఇనుమంతా నల్లగా, సందుల్లో ఎరుపు. "ఒక్క కొలతా చెప్పరేమి, ఒంట్లో బాగుందా?" అంది. 503 అన్నాను.

ఇక ఒక సంకటం. పెట్టె సర్దుతుంటే నా చొక్కా జేబులో ఉలూరులో తీసుకున్న చిన్న ఎర్రరాయి దొరికింది, బఠాణీ గింజకన్నా కాస్త పెద్దది. కస్టమ్స్‌లో ఏమైనా అంటారా?

మెల్‌బోర్న్ మందారం · ఆదివారం, రాత్రి 10:32

కస్టమ్స్ సంగతి తరువాత. అది తీయకూడని రాయి. ఆ కొండ అనాంగు జనానిది, వారికి పవిత్రం. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం దాన్ని వారికి తిరిగి అప్పగించింది. 2019లో సరిగ్గా అదే తేదీ నుంచి కొండ ఎక్కడం పూర్తిగా ఆపేశారు. మీలాగే జేబులో వేసుకుపోయినవారు ఎందరో క్షమాపణ చీటీ జతచేసి రాళ్లను పోస్టులో పార్కుకు తిప్పి పంపుతుంటారు. వాటికి క్షమాపణ రాళ్లనే అర్థంలో పేరే పడింది. మీరూ రేపు పోస్టు చేసేయండి.

కొబ్బరాకు · ఆదివారం, రాత్రి 10:50

తిరుమల కొండ మీద రాయి ఎవరైనా జేబులో వేసుకుపోతే మనం ఊరుకుంటామా ఇంజనీరుగారూ? ఇది నవ్వులకు అనడం లేదు.

గోదారిగట్టు · సోమవారం, మధ్యాహ్నం 2:25

విమానాశ్రయం నుంచి. పొద్దున పోస్టాఫీసు తెరవగానే రాయి పంపేశాను. చీటీలో "తెలియక తీశాను, క్షమించండి" అని రాశాను. ఆవిడ చదివి "తెలియక కాదు, అక్కడ బోర్డు ఉంది" అంది. "తెలియక" కొట్టేశాను.

పెట్టె 24 కిలోల 600 గ్రాములు తూగింది. కారణం ఆవిడ కొన్న రోసెల్లా జామ్ సీసాలు. క్వీన్స్‌లాండ్ వైపు ఎర్రగోంగూర కాయల మీది ఎర్రని రక్షకపత్రాలతో చేసే జామ్ అది. గోంగూరను ఆకు వదిలి పువ్వు తింటున్నారని ఊళ్లో చూపించకపోతే ఎవరూ నమ్మరట. రెండు కిలోలు నా కోటు జేబుల్లోకి మారాయి. సీసాలు కాదు లెండి, అవి చేతిసంచిలో పట్టనివ్వరు. నా పుస్తకాలు, చార్జర్లు.

ఓపల్ లాకెట్ 396 డాలర్లు. చిన్నదే కానీ అతుకు లేదు, వెనక తెరిచి ఉన్నది అడిగి మరీ తీసుకుంది. పదకొండో వంతు 36 డాలర్లు కార్డుకు వేస్తామన్నారు. చిల్లరలెక్కగారికి, మందారంగారికి, నల్లరేగడిగారికి కృతజ్ఞతలు. పిలుస్తున్నారు, ఉంటాను.

కొబ్బరాకు · బుధవారం, ఉదయం 7:20

చేరారా? నేను మార్చిలో సిడ్నీ వెళుతున్నాను. మీ దగ్గర రెండు ఓపల్ కార్డులు, వాటిలో ఏమైనా సొమ్ము మిగిలి ఉంటుంది కదా. నాకు, మా ఆవిడకు పనికొస్తాయి. మాది కాకినాడే, వచ్చి తీసుకుంటాను.

గోదారిగట్టు · బుధవారం, ఉదయం 10:05

చేరాము. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది. వంటింట్లో కాఫీ కలిపే చప్పుడు కూడా ఆ వేళకే వినబడుతోంది.

రండి, భోజనానికే రండి, జామ్ రుచి చూద్దురు గాని. నా కార్డులో ఏడు డాలర్ల చిల్లర ఉంది, పట్టుకువెళ్లండి. రెండో కార్డు సంగతి అడిగాను. రెండూ ఒకేలా ఉంటే కలిసిపోతాయని దాని వెనక ఆవిడ బొట్టుబిళ్ల అంటించి పెట్టుకుంది. అది ఇవ్వదట.